ఈగ ముక్కులో ‘వద్దు’ల లెక్క

తొలకరి చినుకులు పడగానే మట్టి నుంచి లేచే వాసన కోసం మనం కిటికీలు తెరుస్తాం. ఆ వాసనలో పెద్ద వాటా జియోస్మిన్‌ది. మట్టిలోని కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే రసాయనం అది. అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగకి మాత్రం ఆ వాసన తగిలితే చాలు, ఎంత మగ్గిన పండునైనా వదిలేసి పోతుంది. జియోస్మిన్ ఉందంటే అక్కడ హాని చేసే బూజులు, సూక్ష్మజీవులు చేరాయన్నమాట. అక్కడ తినకూడదు, గుడ్లు పెట్టకూడదు. ఈ హెచ్చరిక మొత్తం ఓఆర్56ఏ అనే ఒకే ఒక్క గ్రాహకం (వాసనని పట్టే ప్రోటీన్) మీద, అది ఉన్న ఒకే రకం నాడీకణాల మీద నడుస్తుందని 2012లో తేలింది.

అదే ఈగకి వెనిగర్ వాసన అంటే ప్రాణం. పులుపెక్కిన పండంటే దానికి విందు. వెనిగర్ వైపు లాగే పనిలో ముందుండేవి ఓఆర్42బీ అనే ఇంకో గ్రాహకం ఉన్న కణాలు.

ఇక్కడే చిక్కు. ఈగ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. జియోస్మిన్‌ని పట్టే కణంలో ఓఆర్42బీ జన్యువు లేకపోలేదు, ఉంది. దానితోపాటు మిగతా ఓఆర్ జన్యువులన్నీ, అంటే ఇలాంటి వాసన గ్రాహకాల్ని తయారుచేసే జన్యువులన్నీ ఉన్నాయి, మొత్తం 60. అయినా ఆ కణం వాటిలో ఒక్కటే తెరుస్తుంది, అంటే ఆ ఒక్కదాని గ్రాహకాన్నే తయారుచేస్తుంది, మిగతావి ముట్టుకోదు. పొరపాటున రెండోది కూడా తెరిచిందనుకోండి. ప్రతి కణం నుంచీ మెదడుకి ఒక నాడీ తీగ వెళ్తుంది; ఏ తీగ మోగిందన్నది మాత్రమే మెదడుకి తెలుస్తుంది, ఎవరు మోగించారో తెలియదు. వెనిగర్ వాసన వచ్చినా ‘పారిపో’ అనే తీగ మోగుతుంది, విందు ముందు కూర్చుని ఈగ పస్తుంటుంది. మరి ఏ కణం ఏ జన్యువు తెరవాలో ఎవరు చెబుతున్నారు? ఈ ప్రశ్న మీద పాతికేళ్లుగా వచ్చిన పనంతా చూస్తే నాకొకటి అనిపించింది. ఏది తెరవాలో చెప్పడం కన్నా, ఏవి తెరవకూడదో చెప్పడంలోనే ఎక్కువ శ్రమ ఉంది.

ముందుగా ఏ ఈగ గురించి మాట్లాడుతున్నామో చెప్పాలి. మన మామిడి రైతులు ‘పండు ఈగ’ అనేది వేరు. అది కాయకి కన్నం పెట్టి లోపల గుడ్లు పెట్టే బాక్ట్రోసెరా. తోటల్లో మిథైల్ యూజినాల్ ఎరతో వేలాడదీసే బుట్టలు దాని మగ ఈగల కోసమే. మనం మాట్లాడుకునేది డ్రోసోఫిలా మెలనోగాస్టర్. పొడవు మూడు మిల్లీమీటర్ల లోపు, కళ్లు ఎర్రగా ఉంటాయి, అరటి తొక్క బుట్టలో రెండ్రోజులుంటే ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది. గుడ్డు నుంచి ఎగిరే ఈగ దాకా పది రోజులు చాలు. థామస్ హంట్ మోర్గన్ న్యూయార్క్‌లో దీన్ని సీసాల్లో పెంచి జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని చూపించినప్పటినుంచి, అంటే వందేళ్లకు పైగా, జన్యుశాస్త్రానికి ఇది పెంపుడు జంతువే.

దాని ముక్కు రెండు చోట్ల ఉంది. తల ముందు భాగంలో ఒక జత పొట్టి మీసాలు, పాఠ్యపుస్తకం భాషలో స్పర్శశృంగాలు. నోటి పక్కన ఇంకో చిన్న జత, వాటిని పాల్ప్‌లంటారు. రెండింటి మీదా కంటికి కనబడనంత సన్నటి రోమాలుంటాయి. ఒక్కో రోమంలో ఒకటి నుంచి నాలుగు నాడీకణాలు కాపురం ఉంటాయి. ఒక్కో మీసంలో సుమారు 1,200, ఒక్కో పాల్ప్‌లో సుమారు 120 కణాలు. ఒకే గ్రాహకం ఉన్న కణాలు మీసంలో ఎక్కడ ఉన్నా, వాటి తీగలన్నీ మెదడులో ఒకే చిన్న ఉండలోకి చేరతాయి. ఆ ఉండల్ని గ్లోమెరులస్‌లంటారు, అలాంటివి దాదాపు యాభై. అంతే, ఇంతకన్నా శరీరనిర్మాణం మనకి అక్కర్లేదు.

దొరకని జన్యువులు

ఈ జన్యువులు అంత తేలిగ్గా దొరకలేదు. 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ ఎలుకల్లో వాసన గ్రాహకాల జన్యువులు కనిపెట్టారు. 2004లో నోబెల్ తెచ్చిన పని అది. ఎలుకలో దొరికాయి కాబట్టి వాటిని పోలినవి ఈగలో వెతికితే దొరుకుతాయని అందరూ అనుకున్నారు. ఏళ్ల తరబడి వెతికారు, ఒక్కటీ దొరకలేదు. 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ కార్ల్‌సన్ బృందం దారి మార్చింది. ఎలుక జన్యువులతో పోలిక మానేసి, అప్పటికి చదివినంత మేర ఈగ డీఎన్ఏలో ‘కణపొరని పలుమార్లు దాటే ప్రోటీన్లు’ ఏవో కంప్యూటర్ చేత ఏరించింది. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో యాక్సెల్ ప్రయోగశాల నుంచే లెస్లీ వోషాల్, ఆమె సహచరులు వాసన పట్టే అవయవాల్లో మాత్రమే పనిచేసే జన్యువుల్ని పట్టుకున్నారు. రెండు దారులూ ఒకే కుటుంబం దగ్గరికి చేరాయి.

ఎలుక పోలికలతో ఎందుకు దొరకలేదో తర్వాత అర్థమైంది. కీటకాల వాసన గ్రాహకాలకీ మనవాటికీ చుట్టరికమే లేదు. కణపొరలో అవి మనవాటికి తలకిందులుగా కూర్చుంటాయి. పైగా ఒంటరిగా పనిచేయవు. ప్రతి ఓఆర్ పక్కనా ఓర్కో అనే తోడు ప్రోటీన్ ఉండాలి. ఇద్దరూ కలిసి ఒక చిన్న ద్వారంలా ఏర్పడి, వాసన తగలగానే తెరుచుకుని విద్యుదావేశాన్ని లోపలికి వదులుతారు. ఓర్కో లేకుండా చేస్తే ఓఆర్‌లన్నీ ఒక్కసారే మూగబోతాయి.

జన్యువులు దొరక్కముందే, వాసన తెలియని ఈగలు మాత్రం దొరికాయి. అందులో మన దేశం వాటా ఉంది. 1970ల చివర్లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఒబైద్ సిద్దీఖీ, ఆయన విద్యార్థిని వెరోనికా రోడ్రిగ్స్ వాసనకి సరిగా స్పందించని ఈగల్ని ఏరి, ఒక్కో లోపం క్రోమోజోము మీద ఎక్కడ ఉందో పటం గీశారు. గ్రాహకం అంటే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని రోజుల్లో, ఈగ ఎటు నడిచిందన్న ఒక్క ఆధారంతో చేసిన పని. రోడ్రిగ్స్ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఎలుక చీటీ తీస్తుంది, ఈగ తీయదు

ఎలుకకి వాసన గ్రాహకాల జన్యువులు వెయ్యికి పైనే. ప్రతి నాడీకణం వాటిలో ఒకదాన్ని దాదాపు గుడ్డిగా ఎంచుకుంటుంది. డబ్బాలో చీటీలు వేసి ఒకటి తీసినట్టే. చీటీ పడి, గ్రాహకం తయారవగానే, ఆ గ్రాహకమే వెనక్కి కబురు పంపుతుంది: ‘నేను వచ్చేశాను, ఇక డబ్బా మూసేయండి.’ తీసిన చీటీ చెల్లనిదైతే, అంటే ఆ జన్యువు పాడైపోయి ఉంటే, కబురు వెళ్లదు, కణం ఇంకో చీటీ తీస్తుంది. ఎలుకలో ఈ చీటీల పని చూసే డీఎన్ఏ ముక్కలకి గ్రీకు దీవుల పేర్లు పెట్టారు. ఆ ప్రయోగశాల పెద్ద స్టావ్రోస్ లోమ్వార్దాస్ గ్రీకాయన. శాస్త్రవేత్తలకి ఇంటి బెంగ ఉండదని ఎవరన్నారు?

ఈగలో ఈ పద్ధతి లేదు. రుజువు 2003లో వచ్చింది. కార్ల్‌సన్ బృందం ఓఆర్22ఏ, దాని పక్కనే ఉన్న ఓఆర్22బీ జన్యువుల్ని రెండింటినీ తీసేసిన ఈగల్ని పరిశీలించింది. ఎలుక పద్ధతే అయితే ఆ కణం ఊరుకోకూడదు, ఇంకో జన్యువు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. కణం బతికే ఉంది, తన రోమంలో తన చోట కూర్చుంది, తీగని కూడా మెదడులో మామూలుగా వెళ్లాల్సిన ఉండకే పంపింది. ఏ వాసన చూపించినా మాత్రం ఉలకదు పలకదు. పరిశోధకులు దానికి ‘ఖాళీ నాడీకణం’ అని పేరు పెట్టి, పనికొచ్చే పరికరంగా మార్చుకున్నారు. అందులో ఏ గ్రాహకం పెడితే ఆ గ్రాహకం ఏ వాసనలు పడుతుందో చూడొచ్చు. ఒక్కో గ్రాహకానికి ఏవేవి తగులుతాయో చెప్పే పెద్ద పట్టికలన్నీ అలా తయారైనవే.

ఈ ప్రయోగంలో నన్ను ఆపేసింది తీగ సంగతి. ఎలుకలో తీగ ఎక్కడికి పోవాలో నిర్ణయించడంలో గ్రాహకానికే పెద్ద చేయి ఉంది. ఈగలో గ్రాహకం ఇంకా పుట్టకముందే తీగ బయల్దేరి ఇల్లు చేరుతుంది. అంటే ఆ కణం ఎవరన్నది గ్రాహకం నిర్ణయించట్లేదు. అంతకు ముందే ఇంకేదో నిర్ణయించేసింది. గ్రాహకం, చిరునామా రెండూ ఆ నిర్ణయానికి ఫలితాలే.

ఇంటిపేరు, వీధి, తోబుట్టువులు

ఆ ముందటి నిర్ణయం కణం పుట్టుకలో ఉంది. మన పేర్లలో ఇంటిపేరు ముందొచ్చి, సొంత పేరు తర్వాత వచ్చినట్టు, ఈ కణానికి కూడా గుర్తింపు పెద్దది నుంచి చిన్నదానికి వస్తుంది.

మొదటిది వంశం. లార్వా ఒంట్లో మీసంగా మారబోయే కణజాలంలో ఎటోనల్ అనే ప్రోటీన్ పనిచేసిన చోట ఒక రకం రోమాలు, ఏమోస్ పనిచేసిన చోట వేరే రెండు రకాల రోమాలు పుడతాయి. ఆ రెండింటిలో ఏదన్నది, అంటే కణం ఉండబోయే వీధి ఏదన్నది, లాజెంజ్ అనే ప్రోటీన్ పాళ్ల మీద ఉంటుంది. ఎక్కువైతే లావు రోమం, తక్కువైతే సన్న రోమం. కూరలో ఉప్పులాగే, ఉందా లేదా అన్నది కాదు, ఎంత ఉందన్నది లెక్క. లాజెంజ్ పాళ్ల సంగతి తేల్చిన బృందంలో వెరోనికా రోడ్రిగ్స్ ఉన్నారు, 1998లో.

తర్వాత తోబుట్టువులు. ఒక రోమంలోని నాడీకణాలన్నీ ఒకే తల్లి కణం పిల్లలు. ఆ తల్లి విడిపోయేటప్పుడు ఒక బిడ్డలో నాచ్ అనే సంకేతం వెలుగుతుంది, రెండో బిడ్డలో వెలగదు. ఒకే గర్భంలో పుట్టి, పక్కపక్కనే కూర్చుని, జీవితాంతం వేర్వేరు గ్రాహకాలు తయారుచేయడానికి ఇది ఒక కారణం. హామ్లెట్ అనే ప్రోటీన్ పుట్టిన కొత్తలో కాసేపు కనబడి, కణానికి అంతకుముందు విభజనలో పడిన నాచ్ జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. పాత పాఠం చెరిపితే తప్ప కొత్త పాఠం రాయడానికి పలక ఖాళీ ఉండదు కదా. పేర్లు పెట్టేవాళ్లకి నాటకాల పిచ్చి కూడా ఉందని ఇక్కడ తెలుస్తుంది.

ఇదంతా అయ్యేసరికి కణానికి వంశం, వీధి, వరస తెలుసు. ఇక అసలు పని మొదలవుతుంది: 60 జన్యువుల ముందు నిలబడి ఒకటి తెరవడం.

గెంతని ఈగ

1980ల్లో కార్ల్‌సన్ ప్రయోగశాలలో ఒక చిన్న పరీక్ష పెట్టారు. ఈగని గొట్టంలో ఉంచి ఒక్కసారిగా ఘాటైన వాసన వదిలితే, అది ఉలిక్కిపడి గెంతుతుంది. గెంతని ఈగల్ని ఏరారు. అలా దొరికిన వాటిలో ఒకదానికి ‘అసహజ వాసన గెంతు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, వరసలో ఆరోది కాబట్టి పొట్టిగా ఏసీజే6 అన్నారు.

పదేళ్ల తర్వాత తెలిసిందేమిటంటే, ఏసీజే6 గ్రాహకం కాదు. జన్యువుల స్విచ్ నొక్కే ప్రోటీన్, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. అది లేని ఈగలో కొన్ని నాడీకణాలకి ఏ వాసనా తెలియదు, కొన్నిటికి తమది కాని వాసన తెలుస్తుంది, ఇంకొన్ని మామూలుగానే ఉంటాయి. 1999లో కొత్త జన్యువులు దొరికినప్పుడు, అవి నిజంగా వాసన గ్రాహకాలేనని నమ్మించిన ఆధారాల్లో ఇదొకటి. ఏసీజే6 లేని ఈగల్లో వాటిలో కొన్ని తెరుచుకోలేదు.

‘తమది కాని వాసన’ అన్న ముక్క దగ్గర ఆగుదాం. స్విచ్ నొక్కేవాడు పోతే దీపం ఆరాలి గాని, వేరే గదిలో దీపం ఎందుకు వెలగాలి? 2009లో కార్ల్‌సన్ బృందం దీన్ని విప్పింది. ఏసీజే6 కొన్ని జన్యువుల్ని తెరుస్తుంది, ఇంకొన్నిటిని మూసి ఉంచుతుంది. అది లేకపోతే తెరవాల్సింది తెరుచుకోదు, మూసి ఉండాల్సింది తెరుచుకుంటుంది. పైగా ఏసీజే6 ఆర్ఎన్ఏని రకరకాలుగా కత్తిరించి అతికిస్తే 13 రూపాలొస్తాయి. ఒక్కో రూపం చేసే పని కొంచెం తేడా. ఒకే పేరుతో పదమూడు మంది గుమాస్తాలు పనిచేసే ఆఫీసు అన్నమాట.

ఇదే ‘వద్దు’ ఇంకా తేటగా కనబడింది పాల్ప్‌లో. అక్కడ తెరుచుకునే ఓఆర్ జన్యువులు ఏడే కాబట్టి లెక్క తేలిక. ఆనందశంకర్ రే అప్పట్లో కార్ల్‌సన్ దగ్గర పనిచేస్తూ, ఆ ఏడు జన్యువుల ముందున్న డీఎన్ఏని పక్కపక్కన పెట్టి చూశారు. అన్నిటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించే రెండు చిన్న మాటలు దొరికాయి. ఒకదాన్ని చెడగొడితే ఆ జన్యువు పాల్ప్‌లో తెరుచుకోవడం మానేసింది. అంటే అది ‘ఇక్కడ తెరువు’ అనే మాట. రెండోదాన్ని చెడగొడితే జన్యువు ఉన్నట్టుండి మీసంలో కూడా తెరుచుకుంది. అంటే ఆ రెండో మాట చెబుతున్నది ‘అక్కడ తెరవకు’ అని. ఏడెనిమిది అక్షరాల డీఎన్ఏ ముక్క, అది కాపలా లేకపోతే నోటి దగ్గరి గ్రాహకం మీసంలోకి చొరబడుతుంది. 2007లో వచ్చిన ఈ వ్యాసమే ఇంకో మాట కూడా ఖాయం చేసింది. గ్రాహకం వెనక్కి కబురు పంపే ఎలుక పద్ధతి ఈగలో ఉందేమోనని వరసబెట్టి వెతికితే ఆనవాళ్లు లేవు.

ఏడుగురు

2012లో స్వీడన్‌లోని లిన్‌షాపింగ్‌లో మాటియాస్ అలేనియస్ బృందం మొండిగా ఇంకో దారి పట్టింది. ఈగలో ఉన్నాయనుకునే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో చాలావాటిని ఒకదాని తర్వాత ఒకటి నాడీకణాల్లో అణిచేసి, ఏ గ్రాహకం గల్లంతవుతుందో చూసింది. వందల కొద్దీ తొలగింపుల తర్వాత ఏడు మిగిలాయి. ఏసీజే6, ఈ93, ఫెర్1, వన్‌కట్, సిమ్, ఎక్స్‌బీపీ1, జడ్‌ఎఫ్30సీ. ముప్ఫైకి పైగా గ్రాహకాలు ఈ ఏడింటి మీద ఆధారపడి ఉన్నాయి.

ఏడుతో అంత పని ఎలా? ఒక్కొక్కటి ఉందా లేదా అని రెండు రకాలుగా లెక్కేస్తే 128 కలయికలు వస్తాయి. ఈగకి కావలసింది యాభై చిల్లర. ఈ గుణకారం నా సరదా కోసం చేసింది, జీవకణం ఇంత శుభ్రంగా ఆన్, ఆఫ్ అని నడవదు. లాజెంజ్ పాళ్ల సంగతి చూశాం కదా. కానీ కొద్దిమందితో చాలా రకాలు ఎలా పుట్టించొచ్చో అర్థం కావడానికి ఆ లెక్క చాలు.

నాకు అంతకన్నా విలువైనదనిపించింది వాళ్లు జన్యువుల ముందున్న డీఎన్ఏలో చూసిన ఏర్పాటు. జన్యువుకి దగ్గరగా ఉన్న భాగం దాన్ని తెరుస్తుంది. దూరంగా ఉన్న భాగం మూస్తుంది. దగ్గరి భాగాన్ని ఒక్కదాన్నే ఉంచితే గ్రాహకం తన కణంలోనే కాక, సంబంధం లేని కణాల్లో కూడా తెరుచుకుంటుంది. అంటే ‘తెరువు’ అనే ఆజ్ఞ చాలా చోట్ల చెల్లుబాటయ్యే వదులైన ఆజ్ఞ. దాన్ని ఒక్క రకం కణానికి కుదించేది దూరంగా నిలబడిన ‘వద్దు’. పెళ్లి పిలుపు ఊరంతటికీ వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడ్డవాడు ఎవరిని లోపలికి పంపాలో చూసుకున్నట్టు.

ఇదొక తెలివైన ఏర్పాటని అంటే పరిణామానికి తెలివి అంటగట్టినట్టవుతుంది. అయినా దీని సౌలభ్యం చూడండి. ఓఆర్ జన్యువులు ఒకదాని నకలుగా ఇంకోటి పుడుతూ వచ్చినవే. నకలు పుట్టినప్పుడు దాని ముందున్న ‘తెరువు’ కూడా నకలవుతుంది, రెండూ ఒకే కణంలో తెరుచుకుంటాయి. ఓఆర్22ఏ, ఓఆర్22బీ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. నకలుకి వేరే కాపురం పెట్టించాలంటే కొత్త ‘తెరువు’ కట్టాల్సిన పని లేదు. ఒక ‘వద్దు’ చేర్చినా, ఒకటి తీసినా చాలు.

తాళం వేసిన పెట్టె

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు వచ్చి పోతుంటాయి. ఈగ ఒక నెల, రెండు నెలలు బతుకుతుంది. అన్ని రోజులూ ఆ 59 జన్యువులు మూసి ఉండాలంటే తాళం లాంటిది కావాలి. డీఎన్ఏ హిస్టోన్ అనే ప్రోటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఆ ఉండల మీద పడే రసాయన గుర్తుల్ని బట్టి చుట్ట బిగుసుకుంటుంది లేదా వదులవుతుంది. బిగుసుకున్న చుట్టలోని జన్యువుని తెరవడం కష్టం.

కార్బన్ డయాక్సైడ్ గ్రాహకాల్లో ఇది బయటపడింది. జీఆర్21ఏ, జీఆర్63ఏ అనే రెండు జన్యువులు కలిసి ఆ వాయువుని పడతాయి. మీసంలో ఒకే ఒక్క రకం కణంలో ఇవి తెరుచుకుంటాయి. ఈగకి ఆ వాసన గిట్టదు. భయపడ్డ ఈగలు వదిలే గాలిలో ఉండేది, పక్క ఈగల్ని పారిపొమ్మనేది అదే. 2012లోనే, అప్పటికి కాలిఫోర్నియాలో సొంత ప్రయోగశాల పెట్టిన రే బృందం ఈ జన్యువుల మీద ఒక పెద్ద ప్రోటీన్ గుంపు పనిచేస్తోందని చూపింది. ఆ గుంపులో మిబ్ అనే సభ్యుడు తాళం తీసే పక్షం. అతనికి ఎదురుగా చుట్ట బిగించే గుర్తు వేసే ఎంజైమ్ ఉంది. తమాషా ఏమిటంటే, మిబ్ ఉన్న గుంపులోనే ఇంకో ఇద్దరు తాళం వేసే పక్షం. ఆ ఇద్దర్నీ తీసేస్తే జీఆర్63ఏ సంబంధం లేని కణాల్లో తెరుచుకుంటుంది. ఎక్కువ కణాల్లో గ్రాహకం ఉంది కాబట్టి ఈగ కార్బన్ డయాక్సైడ్‌ని ఇంకా బాగా పసిగట్టాలి కదా? జరిగింది అది కాదు. దాని స్పందన, భయం రెండూ మందగించాయి.

అంతకు నాలుగేళ్ల ముందు ఇంకో ‘వద్దు’ దొరికింది, ఈసారి ప్రోటీన్ కాదు, 22 అక్షరాల చుట్టుపక్కల పొడవుండే ఆర్ఎన్ఏ తునక. పేరు ఎంఐఆర్-279. అది లేని ఈగల్లో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే కణాలు మీసంలో ఉండాల్సినవి ఉంటూనే, పాల్ప్‌లో కూడా పుట్టుకొచ్చాయి. పుట్టినవి పూర్తిగా ఇవీ కావు అవీ కావు. మామూలు పాల్ప్ గ్రాహకంతోపాటు కార్బన్ డయాక్సైడ్ గ్రాహకం కూడా ఉన్న సంకర కణాలు. ఇక్కడ దోమని గుర్తుచేసుకోవాలి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని దోమ పట్టేది మీసంతో కాదు, సరిగ్గా పాల్ప్‌తోనే. పాత కీటకాల్లో ఆ కణాలు పాల్ప్‌లో ఉండేవని, ఈగ వంశంలో ఒక ‘వద్దు’ వచ్చి అక్కడినుంచి తీసేసిందని ఆ శాస్త్రవేత్తల ఊహ. ఒక్క తునక తీసేస్తే ఈగ నోటి పక్కన దోమ ఛాయ కనబడటం నాకు ఈ మొత్తం రంగంలో మరపురాని దృశ్యం.

లెక్క తప్పే చోట్లు

‘ఒక కణం, ఒక గ్రాహకం’ అని రాసుకుంటూ వచ్చాను గాని, అది పాఠ్యపుస్తకపు సౌకర్యం. పాల్ప్‌లో ఒక రకం కణం ఓఆర్33సీ, ఓఆర్85ఈ రెండూ తెరుస్తుందని చాలా ఏళ్లుగా తెలుసు. ఓర్కోలాంటి తోడు ప్రోటీన్లు ఓఆర్‌లకే కాదు, 2009లో కనుగొన్న ఐఆర్ అనే ఇంకో గ్రాహకాల కుటుంబానికి కూడా ఉన్నాయి. ఈ రెండు కుటుంబాల తోడు ప్రోటీన్లు ఒకే కణంలో కలిసి ఉండటం మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువని 2022లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ నుంచి వచ్చిన పని చూపింది. కాపలా కట్టుదిట్టంగా ఉన్నది వాసనని గుర్తుపట్టే గ్రాహకాల మీద. తోడు ప్రోటీన్ల విషయంలో గుమ్మం కొంచెం తెరిచే ఉంది.

నియంత్రణ అంటే ఏ జన్యువు అన్నదే కాదు, ఎన్ని కణాల్లో అన్నది కూడా. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో డ్రోసోఫిలా సెషెల్లియా అనే దగ్గరి చుట్టం ఉంది. మన దగ్గర జ్యూస్ సీసాల్లో అమ్మే నోని పండే దాని లోకం. మిగతా ఈగలకి ఆ పండు విషం, వాసన కూడా పడదు. సెషెల్లియా మీసంలో ఓఆర్22ఏ కణాలు మన వంటింటి ఈగ కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ, ఆ కణాలే దాన్ని నోని దగ్గరికి లాగుతాయి. కొత్త జన్యువు పుట్టలేదు. ఉన్న జన్యువు తెరుచుకునే గదులు పెరిగాయి.

ఇక దోమ. డెంగ్యూ మోసే ఏడిస్ ఈజిప్టై దోమకి మన చెమట వాసన తెలియకుండా చేయగలిగితే బాగుండునని ఎప్పటినుంచో ఆశ. ఈగ లెక్కే దోమకీ చెల్లుతుందనుకుంటే, మనిషి వాసన పట్టే ఒకటో రెండో గ్రాహకాల్ని కొట్టేస్తే ఆ తీగలు మూగబోవాలి. 2013లో వోషాల్ బృందం ఏకంగా ఓర్కోనే తీసేసింది. అంటే ఓఆర్‌లన్నీ పోయినట్టే. మనిషికీ గినీ పందికీ తేడా తెలియడంలో ఆ దోమలు తడబడ్డాయి. కానీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తోడైతే మళ్లీ మనిషి మీదికే వచ్చాయి. కారణాల్లో ఒకటి 2022లో అదే ప్రయోగశాల నుంచి బయటికొచ్చింది. దోమ నాడీకణాల్లో చాలావాటిలో ఒకటి కాదు, వేర్వేరు కుటుంబాలకి చెందిన గ్రాహకాలు కలిసి తెరుచుకుని ఉన్నాయి. ఒక గ్రాహకాన్ని కొట్టేసినా, అదే కణంలో ఇంకో గ్రాహకం మనిషి వాసనలోని వేరే రసాయనాన్ని పట్టి అదే తీగ మోగిస్తుంది. ఈగలో ఒకే గ్రాహకం ఉన్న కణాల తీగలు ఒకే ఉండకి చేరతాయని 2000లో చూపించిన వాళ్లలో వోషాల్ ఒకరు. ఆ లెక్క దోమకి వర్తించదని చూపించింది కూడా ఆమె ప్రయోగశాలే. ఈగ ‘వద్దు’ అని మూసిన గదుల్లో కొన్నిటిని దోమ తెరిచే ఉంచుకుంది. వాటి తలుపులు ఎవరు తెరిచి పెడుతున్నారన్నది ఇప్పుడు దోమల ప్రయోగశాలల్లో నడుస్తున్న వెతుకులాట.